హ్యూస్టన్ గుమ్మటం: కప్పు కింద ఆటస్థలం కథ

ఆటస్థలానికి గోడలు కట్టవచ్చును, మెట్లు కట్టవచ్చును, దీపాలు నిలపవచ్చును. కాని కప్పు వేయడం మాత్రం మానవునికి చాలాకాలం సాధ్యం కాలేదు. ఆడేవారికి ఖాళీస్థలం కావాలి. ఆ స్థలం మధ్యలో ఒక్క స్తంభమైనా ఉండరాదు. చూసేవారికి కూడా దృష్టికి అడ్డు ఉండరాదు. ఇంత వెడల్పైన చోటును స్తంభం లేకుండా కప్పడమెట్లా? రోమకులు క్రీ. శ. 80లో ప్రారంభించిన కొలోసియంలో ఈ చిక్కును సగం వరకే విప్పగలిగారు. కొయ్యస్తంభాలు నిలిపి, మోకులు లాగి, ప్రేక్షకులపైకి గుడ్డపందిరి పరచేవారు. ఎండ నుండి కొంత రక్షణ దొరికేది. ఆటస్థలం మీద ఆకాశం అట్లాగే ఉండిపోయేది.

ఆ గుడ్డపందిరిని గురించి తెలుసుకొని ఉత్సాహపడినవారిలో ఇరవయ్యో శతాబ్దపు అమెరికా దేశస్థుడొకడున్నాడు. పేరు రాయ్ హాఫైన్జ్. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరానికి పూర్వం మేయరుగాను, అంతకుముందు న్యాయాధికారిగాను పనిచేసినవాడు. ఆయన పూనికతో, హారిస్ కౌంటీ ప్రజల సొమ్ముతో లేచినదే 'ఆస్ట్రోడోమ్' అనే బహుళ ప్రయోజన క్రీడామందిరం. ఇన్ని ఆటలకు పనికివచ్చేటట్లు, పూర్తిగా కప్పు వేసి, లోపలి గాలిని చల్లబరచిన మొదటి మహా క్రీడామందిరం ఇదే. దీని చరిత్రలో ఇంజనీరుల విజయమున్నది, వృక్షశాస్త్రం నేర్పిన గుణపాఠమున్నది, ఒక నగర ప్రజల జీవితమూ ఉన్నది.

కప్పు ఎందుకు కావలసివచ్చింది?

హ్యూస్టన్ మెక్సికో సింధుశాఖకు దగ్గరగా, పల్లపు భూమిపై ఉన్న నగరం. అక్కడి వేసవి మన కోస్తాజిల్లాల వేసవిని తలపిస్తుంది. ఎండ ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చును. గాలిలోని తేమ మనిషిని నిలువనీయదు. పట్టిన చెమట ఆరదు. ఆపైన ఉన్నట్టుండి కురిసే కుండపోత వానలు, దోమలు, అప్పుడప్పుడు తుపానులు.

1960లో ఈ నగరానికి అమెరికా బేస్ బాలు 'నేషనల్ లీగు'లో చోటు దొరికింది. బేస్ బాలు మన క్రికెట్టుకు దూరపు బంధువు. బంతి, బ్యాటు రెంటిలోనూ ఉన్నవి, పద్ధతి వేరు. వేసవి అంతా సాగే ఆట. కొత్తజట్టు 1962 మొదలు మూడేళ్ళపాటు తాత్కాలికమైన ఆరుబయలు స్టేడియంలో ఆడింది. ఆటను చూడవచ్చినవారిని ఎండ, దోమలు ఎంత బాధించినవో అక్కడివారు చాలాకాలం చెప్పుకొన్నారు. వేసవిలో ఆటలు సాగాలంటే కప్పు తప్పదని హాఫైన్జ్ మొదటినుంచీ వాదించాడు. ఎంత వెడల్పైన చోటునైనా గుమ్మటంతో కప్పవచ్చునని నిరూపిస్తూ వచ్చిన బక్ మిన్ స్టర్ ఫుల్లర్ అనే నిర్మాణశాస్త్రజ్ఞుని సలహాలు కూడా ఆయనకు ధైర్యమిచ్చినవి.

ధనం ప్రజలది కావలసి ఉన్నది. కౌంటీ బాండ్లు అమ్మి కట్టాలంటే ఓటర్లు అంగీకరించాలి. ఇక్కడ ఒక ముఖ్యవిషయం చెప్పుకోవాలి. 1961 నాటి హ్యూస్టన్ లో నల్లజాతివారిని, తెల్లజాతివారిని వేరు చేసి కూర్చోబెట్టే ఆచారం ఇంకా పోలేదు. నల్లజాతి పౌరుల ఓట్లు లేకుండా బాండ్ల ప్రతిపాదన నెగ్గడం కష్టం. క్వెంటిన్ మీజ్ అనే నల్లజాతి నాయకుడు, ఆయన సహచరులు ఆ ఓట్లకు ఒక షరతు పెట్టారు: కట్టబోయే స్టేడియంలో జాతిభేదం ఉండకూడదు, టిక్కెట్టు కొన్న ప్రతివారికీ ఆ టిక్కెట్టు మీది సీటు దక్కాలి. షరతుకు అంగీకారం లభించింది. 1961 జనవరిలో ప్రతిపాదన నెగ్గింది. 1962 చివర మరికొంత ధనానికి కూడా ఓటర్లు సమ్మతించారు. కట్టడానికి పునాది పడకముందే దానిలో ఒక న్యాయానికి పునాది పడినది.

1962 జనవరి 3న శంకుస్థాపన జరిగింది. అప్పటికి ఆ జట్టు పేరు 'కోల్ట్ .45', అంటే ఒక రకం తుపాకీ పేరు. అందుచేత పెద్దలు గునపాలు పట్టడానికి బదులు ఆ తుపాకులను నేలవైపు పేల్చి ప్రారంభోత్సవం జరిపారు! తరువాత హ్యూస్టన్ సమీపాన అంతరిక్ష నౌకల పరిశోధన కేంద్రం వెలసింది. నగరమంతా అంతరిక్షం ధ్యాసలో పడింది. జట్టు పేరు 1965లో 'ఆస్ట్రోస్' అయింది. హారిస్ కౌంటీ గుమ్మటపు స్టేడియమనే అసలు పేరును జనం మరచి 'ఆస్ట్రోడోమ్' అనడం మొదలుపెట్టారు.

గుమ్మటం నిలిచే రహస్యం

మనదేశంలో గొప్ప గుమ్మటమనగానే బిజాపూరులోని గోల్ గుంబజ్ జ్ఞాపకం వస్తుంది. దాని లోపలి అడ్డుకొలత సుమారు 38 మీటర్లు. రోములోని పాంథియన్ గుమ్మటం సుమారు 43 మీటర్లు. ఆస్ట్రోడోమ్ లో స్తంభాలు లేని లోపలి వెడల్పు 642 అడుగులు, అంటే సుమారు 196 మీటర్లు. గోల్ గుంబజ్ లోపలి అడ్డుకొలతకు ఇది అయిదు రెట్లకు పైగా అన్నమాట. కట్టడం మొత్తం అడ్డుకొలత 710 అడుగులు. ఆటస్థలం నుంచి కప్పు నడినెత్తి వరకు ఎత్తు 208 అడుగులు. పద్దెనిమిది అంతస్తుల మేడ ఆ కప్పు కింద నిలువగలదు. ఆటస్థలాన్ని చుట్టూ ఉన్న నేలకంటె లోతుగా తవ్వి అమర్చారు. అందుచేత బయటినుంచి చూచేవానికి అంత ఎత్తు కనబడదు.

రాతి గుమ్మటాన్ని ఇంత వెడల్పుగా కట్టడం కుదరదు. రాయి తన బరువుకు తానే లొంగుతుంది. కాబట్టి ఇక్కడ ఉక్కును వాడారు. కప్పు నిర్మాణం అర్థం కావాలంటే పల్లెలలో కోళ్ళను మూసే గంపను తలచుకోండి. వెదురుబద్ద ఒక్కటి తీసుకుంటే చేతితో వంచవచ్చును. అవే బద్దలను ఒకదానికొకటి ఏటవాలుగా అల్లి బోర్లిస్తే, ఆ గంప మీద బరువు పెట్టినా నిలుస్తుంది. ఒక బద్ద మీద పడిన భారం అల్లికలోని ఇతర బద్దలన్నిటికీ పంచబడడమే ఇందుకు కారణం. ఆస్ట్రోడోమ్ కప్పు కూడా ఇటువంటి అల్లికయే. ఏటవాలుగా సాగిన ఉక్కు దూలకట్లు ఒకదానినొకటి కలుసుకొంటూ కప్పంతటినీ చిన్న చిన్న గళ్ళుగా విభజిస్తవి. ఇంజనీరులు దీనిని 'లామెల్లా' పద్ధతి అంటారు.

బోర్లించిన గిన్నె ఆకారానికి ఒక స్వభావమున్నది. నడినెత్తిన పడిన బరువు అంచులను బయటకు నెట్టడానికి ప్రయత్నిస్తుంది. అంచులు విచ్చుకుపోతే కప్పు కూలుతుంది. మన బండిచక్రానికి ఇనుపపట్టా బిగించి కొయ్యను కూడదీసినట్లే, ఇక్కడ గుమ్మటం అంచు చుట్టూ ఒక బలమైన ఉక్కువలయం అమర్చారు. బయటకు నెట్టే బలమంతా ఈ వలయంలో లాగుడుగా మారి అక్కడనే ఆగిపోతుంది. కింది స్తంభాలు బరువును మోస్తే చాలును, నెట్టుడును భరించనక్కరలేదు.

ఇంకొక చిక్కు ఉన్నది. ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది. డిగ్రీ సెంటీగ్రేడుకు, మీటరు పొడవుకు సుమారు 12 మైక్రోమీటర్లు. ఇది చాలా చిన్న సంఖ్యగా కనిపిస్తుంది. కాని 196 మీటర్ల పొడవు గల ఉక్కు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 సెంటీమీటర్లు పెరుగుతుంది. విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును. కప్పును స్తంభాలకు కదలకుండా బిగిస్తే ఈ పెరుగుదల స్తంభాలను విరుస్తుంది. అందుచేత మోకాలి కీళ్ళవలె కొంచెం కదలగల కీళ్ళు గల స్తంభాలను కెన్నెత్ జిమ్మర్మన్ అనే ఇంజనీరు రూపొందించాడు. ఎండకు కప్పు విస్తరించినా, రాత్రి కుంచించుకున్నా, తుపానుగాలి తాకినా స్తంభాలు దానితో కూడా రవంత కదిలి సర్దుకొంటవి. గంటకు 135 మైళ్ళ వేగంతో ఎడతెగక వీచే గాలికి తట్టుకొనేటట్లు కట్టడాన్ని రూపొందించారు. కృత్రిమంగా గాలి వీచే సొరంగంలో చిన్న నమూనాను ఉంచి ముందుగా పరీక్షించారు.

కప్పును కట్టేటప్పుడు లోపల ఎత్తైన తాత్కాలిక గోపురాలను నిలిపి, వాటి ఆధారంతో దూలకట్లను అతికించారు. అల్లిక పూర్తయిన తరువాత ఆ గోపురాలపై నుంచి బరువును క్రమక్రమంగా దించి, గుమ్మటాన్ని తన కాళ్ళ మీద తాను నిలిచేటట్లు చేశారు. మొత్తం ఖర్చు సుమారు 3 కోట్ల 50 లక్షల డాలర్లు.

చల్లగాలి లెక్క

లోపలి గాలిని సుమారు 23 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిలపడానికి 6,600 టన్నుల శక్తి గల శీతలీకరణ యంత్రాలను పెట్టారు. ఇక్కడ 'టన్ను' అనేది యంత్రం బరువు కాదు. ఒక అమెరికా టన్ను, అంటే సుమారు 907 కిలోగ్రాముల మంచుగడ్డ ఇరవైనాలుగు గంటలలో కరిగేటప్పుడు ఎంత ఉష్ణాన్ని పీల్చుకొంటుందో అంత ఉష్ణాన్ని బయటకు పంపగల శక్తి. ఈ లెక్కన రోజంతా పూర్తిగా నడిస్తే ఆ యంత్రాలు సుమారు 60 లక్షల కిలోగ్రాముల మంచు చేసే పని చేస్తవి.

ఇంత శక్తి ఎందుకు? కప్పు మీది ఎండ ఒక కారణం. దీపాలు మరొకటి. గాలిలోని తేమను నీరుగా మార్చి తీసివేయడానికి కూడా శక్తి కావాలి. వీటితోపాటు మనం సాధారణంగా తలవని కారణం ప్రేక్షకులే. ఊరక కూర్చున్న మనిషి శరీరం నుంచి సుమారు 100 వాట్ల ఉష్ణం వెలువడుతుంది. 45,000 మంది కూర్చుంటే 4,500 కిలోవాట్లు. ఒక టన్ను శీతలీకరణ సుమారు 3.5 కిలోవాట్లకు సమానం కాబట్టి, ప్రేక్షకుల ఒంటివేడిని తీసివేయడానికే దాదాపు 1,280 టన్నుల శక్తి కావాలి. యంత్రాల మొత్తం శక్తిలో ఇది అయిదోవంతు. ఆట రక్తికట్టి జనం లేచి గంతులు వేస్తే ఇంకా ఎక్కువ!

ఒకే చోట అనేక ఆటలు

బహుళ ప్రయోజన స్టేడియానికి పెద్ద చిక్కు యంత్రాలలో లేదు, రేఖాగణితంలో ఉన్నది. బేస్ బాలు స్థలం లంబకోణంగా విచ్చుకొన్న విసనకర్ర వంటిది. ఆట ముఖ్యంగా ఆ కోణం మొదట్లో సాగుతుంది. అమెరికా ఫుట్ బాలు స్థలం పొడవైన దీర్ఘచతురస్రం. ఒకదానికి తగినట్లు సీట్లు వేస్తే మరొకదానికి తగవు. ఆస్ట్రోడోమ్ లో దీనికొక ఉపాయం చేశారు. కింది వరుసల సీట్లను రెండు పెద్ద భాగాలుగా చేసి పట్టాల మీద నిలిపారు. బేస్ బాలుకు ఒక తీరున ఉండే ఆ భాగాలను ఫుట్ బాలు నాడు 35 డిగ్రీలు తిప్పితే, అవి ఎదురుబొదురుగా వచ్చి దీర్ఘచతురస్రానికి రెండువైపులా నిలిచేవి. మొదట్లో బేస్ బాలుకు 42,000 మందికి పైగాను, ఫుట్ బాలుకు సుమారు 50,000 మందికిని చోటు ఉండేది.

సౌకర్యాలలో హాఫైన్జ్ లోపం చేయలేదు. ప్రతి సీటుకూ మెత్త ఉండేది. కప్పుకు చేరువగా, అన్నిటికన్న పై వరుసలో ధనవంతులకు ప్రత్యేకమైన గదులు కట్టించాడు. భోజనశాలలు ఏర్పరచాడు. బయట సుమారు 30,000 కార్లు నిలుపుకొనే చోటు ఉండేది. సొంతజట్టు పెద్దదెబ్బ కొట్టినపుడు 474 అడుగుల పొడవైన దీపాల బోర్డు మీద తారాజువ్వలు, పశువుల కాపరులు, ఎద్దులు మెరిసేవి. నేలను బాగుచేసే పనివారికి సయితం వ్యోమగాముల దుస్తులు తొడిగించాడు. ఈ ఆర్భాటాన్నంతటినీ చూచి జనం దీనిని 'ప్రపంచపు ఎనిమిదవ వింత' అనసాగారు.

1965 ఏప్రిల్ 9 రాత్రి మొదటి ప్రదర్శన పోటీ జరిగింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వచ్చాడు. ఆయనది కూడా టెక్సాసే. న్యూయార్కు యాంకీస్ జట్టు ఆటగాడు మిక్కీ మాంటిల్ కప్పు కింద మొట్టమొదటి 'హోమ్ రన్' కొట్టాడు. చివరకు హ్యూస్టన్ జట్టు 2-1తో గెలిచింది. ఆ రాత్రి అంతా సవ్యంగానే జరిగింది. కాని అది రాత్రి.

పగలు బయటపడిన తప్పు

ఈ గుమ్మటం కింద నిజమైన పచ్చికను పెంచదలచారు. ఇంతవరకు ఆటలన్నీ పచ్చిక మీదనే జరిగేవి.  వ్యవసాయ శాస్త్రజ్ఞులు ముందుగా పరీక్షలు జరిపి, తక్కువ వెలుతురులో బ్రతుకగలదని ఒక రకం బెర్ముడా గడ్డిని ఎన్నుకున్నారు. ఇది మన గరికకు దగ్గరి జాతి. గడ్డికి వెలుతురు కావాలి కాబట్టి కప్పులోని గళ్ళలో 4,596 పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలను అమర్చారు. ఈ ప్లాస్టిక్ పేరు లూసైట్.

పగటి అభ్యాసంలో ఆటగాళ్ళు తల ఎత్తి చూచేసరికి అసలు సంగతి తెలిసింది. పైకి లేచిన బంతి కనబడడం లేదు! కారణం స్పష్టమే. కప్పంతా తళతళ మెరిసే పలకలు, వాటి నడుమ నల్లని ఉక్కుదూలాల నీడలు. తెల్లని బంతి ఒక క్షణం వెలుతురు గడిలో కలిసిపోతుంది. మరుక్షణం నీడలోకి వస్తుంది. మళ్ళీ వెలుతురులో మాయమవుతుంది. మన కంటిపాప వెలుతురును బట్టి చిన్నదిగాను పెద్దదిగాను మారడానికి కొంత వ్యవధి కావాలి. వేగంగా దూసుకువచ్చే బంతి ఆ వ్యవధినివ్వదు. అనుభవజ్ఞులైన ఆటగాళ్ళు సయితం బంతి ఎక్కడ పడుతుందో తెలియక చేతులతో తలలు కాచుకున్నారు. రంగు కళ్ళద్దాలు పెట్టి చూచారు. బంతికి రకరకాల రంగులు వేసి చూచారు. ఏదీ సరిపడలేదు.

చివరకు పలకలకు తెల్లని రంగు పూశారు. తళుకు తగ్గింది, బంతి కనిపించింది. అయితే వెలుతురు కూడా తగ్గింది. కిరణజన్య సంయోగక్రియను పాఠశాలలో చదివినవారికి తరువాతి సంగతి ఊహించడం కష్టం కాదు. ఆకులోని పత్రహరితం సూర్యకాంతిని గ్రహించి బొగ్గుపులుసు వాయువు నుంచి, నీటి నుంచి పిండిపదార్థాన్ని తయారుచేస్తుంది. అదే మొక్క రాత్రింబగళ్ళు శ్వాసిస్తూ ఆ పదార్థాన్ని ఖర్చు చేస్తుంది. జమ, ఖర్చు సమానంగా ఉండే ఒక కాంతి పరిమాణమున్నది. వెలుతురు అంతకంటె తగ్గితే మొక్క దాచుకొన్న ధనాన్ని తిని బ్రతికే సంసారివలె కొన్నాళ్ళు ఈడ్చి, ఆపైన కృశిస్తుంది. ఆస్ట్రోడోమ్ పచ్చికకు ఇదే జరిగింది. పైగా ఆటగాళ్ళ బూట్ల కింద నలిగిన గడ్డికి తిరిగి చిగిర్చే శక్తి లేకపోయింది. ఆ సంవత్సరమే గడ్డి చచ్చిపోయింది. ఎండిన గడ్డికీ, మట్టికీ ఆకుపచ్చ రంగు పూసి మిగిలిన ఆటలు గడిపారు. కంటి కోసం చేసిన పని పచ్చిక ప్రాణం తీసింది.

ప్లాస్టిక్ పచ్చిక

ఈ సంకటానికి పరిష్కారం రసాయనశాస్త్రం నుంచి వచ్చింది. నగరాలలో పిల్లలకు ఆడుకొనే మైదానాలు కరువవుతున్నవనే ఆందోళనతో కృత్రిమమైన పచ్చికను తయారుచేసే ప్రయత్నాలు అంతకు ముందే మొదలైనవి. మాన్సాంటో కంపెనీకి చెందిన జేమ్స్ ఫారియా, రాబర్ట్ రైట్ నైలాను పోగులతో తివాచీ వంటి ఒక పచ్చికను రూపొందించారు. 1964లో ప్రావిడెన్స్ నగరంలోని ఒక పాఠశాలలో దానిని మొదటిసారి పరిచారు. అప్పుడు దాని పేరు 'కెమ్ గ్రాస్'. హ్యూస్టన్ వారు దీనిని తెప్పించి, 1966 వసంతంలో ఆటస్థలం లోపలి భాగానను, సరుకు చేతికందిన కొద్దీ జులై నాటికి మిగతా భాగానను పరిపించారు. పేరు 'ఆస్ట్రోటర్ఫ్' అయింది. గుమ్మటం ఇచ్చిన ఆ పేరే నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

కృత్రిమ పచ్చికకు ఎండ అక్కరలేదు, నీరు అక్కరలేదు, కోత అక్కరలేదు. దీని ఖ్యాతి చూచి ఆరుబయలు స్టేడియాలు కూడా సహజమైన పచ్చికను తీసివేసి దీనిని పరిచినవి. కొంతకాలానికి దోషాలు కూడా కనబడినవి. గట్టినేల మీద పలుచగా పరచిన ఆ తివాచీపై పడినవారి చర్మం గీసుకుపోయేది. బూటు అంటుకొని మోకాలి కీలు మెలిపడేది. ఎండలో నిజమైన గడ్డి నీటిని ఆవిరిగా విడిచి తన్నుతాను చల్లబరచుకొంటుంది. ప్లాస్టిక్ అట్లా చేయలేదు కాబట్టి బాగా వేడెక్కేది. సహజమైన గడ్డి ఎన్ని పనులు చేస్తున్నదో, అది పోయిన తరువాతనే ఆటగాళ్ళకు తెలిసింది.

గుమ్మటం కింద జరిగిన సంగతులు

బేస్ బాలు, ఫుట్ బాలు మాత్రమే కాదు. 1966 నుంచి హ్యూస్టన్ వారి పశువుల ప్రదర్శన, గుర్రాల స్వారీ పోటీలు ఇక్కడికి మారినవి. అదే ఏడాది నవంబరులో మహమ్మద్ ఆలీ కుస్తీగోదాలో కాక ఇక్కడి ముష్టియుద్ధ వేదిక మీద క్లీవ్ లాండ్ విలియమ్స్ ను ఓడించాడు. 1968 జనవరి 20న హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి, లాస్ ఏంజలిస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి జరిగిన బాస్కెట్ బాలు పోటీని 52,693 మంది చూచారు. విశ్వవిద్యాలయాల బాస్కెట్ బాలుకు అంతమంది రాగలరని అంతకుముందు ఎవరూ తలచలేదు. హ్యూస్టన్ 71-69తో గెలిచింది.

1973 సెప్టెంబరు 20న ఇంకొక పోటీ జరిగింది. స్త్రీల టెన్నిసు పురుషుల టెన్నిసుకు సాటిరాదని 55 ఏళ్ళ పూర్వపు విజేత బాబీ రిగ్స్ సవాలు చేశాడు. 29 ఏళ్ళ బిల్లీ జీన్ కింగ్ ఆ సవాలును స్వీకరించి, 30,472 మంది ఎదుట 6-4, 6-3, 6-3తో అతనిని ఓడించింది. స్త్రీలకు సమానమైన బహుమతి ధనం కోసం సాగుతున్న పోరాటానికి ఈ విజయం బలమిచ్చింది.

కప్పున్న స్టేడియంలో వానవలన ఆట ఆగడం సాధ్యమా? 1976 జూన్ 15న అదీ జరిగింది! కప్పు ఒక్క చుక్కనైనా లోపలికి రానీయలేదు. కాని కుండపోత వానకు హ్యూస్టన్ వీధులు జలమయమైనవి. ఆటగాళ్ళు ముందే చేరుకున్నారు. అంపైర్లు, ప్రేక్షకులు రాలేకపోయారు. ఆట రద్దయింది. ఆటగాళ్ళు మైదానంలోనే బల్లలు వేసుకొని భోజనం చేశారు.

2005లో ఈ మందిరానికి పరీక్ష మరొక రూపంలో వచ్చింది. ఆగస్టు చివర కత్రీనా తుపాను న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచింది. ఆస్ట్రోడోమ్ ను చూచి అక్కడివారు 1975లో కట్టుకొన్న 'సూపర్ డోమ్'లో వేలకొలది జనం తలదాచుకున్నారు. గాలికి దాని కప్పు చెదిరింది, విద్యుత్తు పోయింది, లోపల బ్రతుకు దుర్భరమైంది. వారిని బస్సులలో హ్యూస్టన్ కు తరలించారు. ఆస్ట్రోడోమ్ లోను, దాని పక్కనున్న భవనాలలోను సుమారు 25,000 మందికి ఆశ్రయం దొరికింది. ఒకనాడు బంతి కనబడక ఆటగాళ్ళు తడబడిన నేల మీద మంచాలు పరచి, వైద్యశాల తెరచి, తప్పిపోయిన బంధువుల పేర్లు గోడలకు అంటించారు. సెప్టెంబరు నెలలోనే వారు అక్కడనుంచి ఇతర నివాసాలకు తరలివెళ్ళారు.

ఆ తరువాత

1965 తరువాత అమెరికాలోని అనేక నగరాలు రెండు ఆటలకు ఒకే గుండ్రని స్టేడియం కట్టుకున్నవి. ఖర్చు కలిసివస్తుందని పాలకులు తలచారు. అయితే గుండ్రని కట్టడంలో ప్రేక్షకుడు రెండు ఆటలకూ దూరమే. అందుచేత కాలక్రమాన ఆ స్టేడియాలు చాలావరకు నేలమట్టమైనవి. కప్పుతో కట్టిన సియాటిల్ కింగ్ డోమ్ 1976లో తెరచి, 2000లోనే కూల్చివేయబడినది.

ఆస్ట్రోడోమ్ ను జట్లు ఒక్కొక్కటిగా విడిచిపోయినవి. ఫుట్ బాలు జట్టు 1996 ఆటల తరువాత మరొక రాష్ట్రానికి వెళ్ళింది. బేస్ బాలు జట్టు 1999 వరకు ఇక్కడ ఆడి, 2000లో నగరం నడిబొడ్డున కట్టిన కొత్త స్టేడియానికి మారింది. దానికీ కప్పున్నది. కాని ఆ కప్పు తెరచి మూయగలది. ఎండ కావలసినపుడు తెరుస్తారు, వానకూ ఉక్కకూ మూస్తారు. లోపల ప్లాస్టిక్ తివాచీకి బదులు నిజమైన పచ్చికను పెంచారు. 1965లో జరిగిన పొరపాటును ముప్పైయైదేళ్ళ తరువాత ఇట్లు దిద్దుకున్నారు. 2002లో ఆస్ట్రోడోమ్ పక్కనే ఇంకా పెద్దదైన ఫుట్ బాలు స్టేడియం వెలిసింది. పశువుల ప్రదర్శన కూడా దానిలోకి మారింది. కొన్నేళ్ళకు భద్రతానియమాలకు సరిపడడం లేదని ఆస్ట్రోడోమ్ తలుపులు మూసివేశారు.

ఇప్పుడు కౌంటీ ప్రజల ముందున్న ప్రశ్న, దీనిని ఏమి చేయాలి? 2013లో దీనిని సభలకు, ప్రదర్శనలకు పనికివచ్చేటట్లు మార్చడానికి 21 కోట్ల 70 లక్షల డాలర్ల బాండ్ల ప్రతిపాదనను ఓటుకు పెట్టారు. ఓటర్లు తిరస్కరించారు. కాని కూల్చివేతకు కూడా మనసొప్పలేదు. 2014లో దీనిని జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చారు. 2017లో టెక్సాస్ రాష్ట్రం దీనికి రక్షిత కట్టడపు హోదానిచ్చింది. 2018లో నేల ఎత్తుచేసి వాహనాలు నిలిపే చోటుగాను, సభాస్థలంగాను మార్చే పథకానికి ఆమోదం లభించినా, ఆ పథకం నెరవేరలేదు.

కట్టించిన తరం ఓటర్లు ఖర్చుకు సమ్మతించారు. తరువాతి తరం వారు నిరాకరించారు. ఇరువురి మాటలోను న్యాయమున్నది. వాడుకలేని కట్టడాన్ని ప్రజల సొమ్ముతో పోషించడం భారమే. అయినా ఇది వట్టి ఉక్కు, ప్లాస్టిక్ కుప్ప కాదు. ఒక గుమ్మటాన్ని 196 మీటర్ల మేర నిలుపవచ్చునని, దాని కింద వేలమందికి చల్లగాలి అందించవచ్చునని ప్రపంచం ఇక్కడ నేర్చుకున్నది. గడ్డిపోచకు ఎండ ఎంత అవసరమో కూడా ఇక్కడనే, నష్టపడి, తెలుసుకున్నది. తెరచి మూసే కప్పులతో తరువాత లేచిన స్టేడియాలన్నిటికీ ఆ రెండు పాఠాలే ఆధారం. అన్నిటికి మించి, టిక్కెట్టు కొన్న ప్రతివారూ జాతిభేదం లేకుండా పక్కపక్కన కూర్చోవాలన్న 1961 నాటి షరతు ఇక్కడ అమలులోకి వచ్చింది. నాడు ఆ షరతు పెట్టినవారి మనుమలు, వారి పొరుగువారు కలిసి ఈనాడు ఈ గుమ్మటం భవిష్యత్తును తేల్చవలసి ఉన్నది.